నిజం సూది, ఉత్తుత్తి సూది

1971 జులైలో జేమ్స్ రెస్టన్ పెకింగ్‌లో (నేటి బీజింగ్) ఆసుపత్రి మంచం ఎక్కాడు. న్యూయార్క్ టైమ్స్‌లో పేరుమోసిన పాత్రికేయుడు. ఆయన దక్షిణాన సరిహద్దు దాటి చైనాలో అడుగుపెట్టిన రోజుల్లోనే అమెరికా భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ గుట్టుచప్పుడు కాకుండా పెకింగ్ వచ్చి, చైనా ప్రధాని చౌ ఎన్ లైతో చర్చలు జరిపి వెళ్లిపోయాడు. అంత పెద్ద వార్త చేయిజారిందని తెలిసిన క్షణంలోనే గజ్జల్లో మొదటి పోటు వచ్చినట్టుందని రెస్టన్ తర్వాత తన మీద తానే జోకేసుకున్నాడు. తీరా చూస్తే అపెండిసైటిస్. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో కట్టి, ఆనాటికి ‘సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి’గా పేరు మార్చుకున్న చోట జులై 17న ఆపరేషన్ చేశారు.

ఆపరేషన్‌లో వింతేమీ లేదు. మన దగ్గర చేసినట్టే మత్తు ఇంజెక్షన్లిచ్చి అపెండిక్స్ తీసేశారు. రెండో రోజు రాత్రి కడుపు ఉబ్బరించి రెస్టన్ ఇబ్బంది పడుతుంటే ఆసుపత్రిలోని ఆక్యుపంక్చర్ వైద్యుడు లీ చాంగ్ యువాన్ వచ్చాడు. కుడి మోచేతి వెలుపలి వైపున, మోకాళ్ల కింద మూడు పొడవాటి సన్నని సూదులు గుచ్చి మెలితిప్పాడు. కాళ్లూ చేతుల్లో నొప్పి అలలుగా పాకిందని, దాంతో కనీసం కడుపు సంగతి మరిచిపోయానని రెస్టన్ రాశాడు. తర్వాత లీ ఒక ఎండు మూలికను అంటించి, ఆ సెగ పొట్టకు తగిలేలా పట్టుకున్నాడు. మొత్తం 20 నిమిషాల పని. గంటలోపే ఉబ్బరం తగ్గింది, మళ్లీ రాలేదు.

ఆ కథనం జులై 26న అచ్చయింది. ఆ నోటా ఈ నోటా పడి కథ రూపు మారిపోయింది. మత్తుమందు లేకుండా ఒట్టి సూదులతోనే రెస్టన్‌కు పొట్ట కోశారన్నది జనంలో స్థిరపడిన కథ. ఆయన రాసింది చదివినవాళ్లు తక్కువ, విన్నవాళ్లు ఎక్కువ. 1972 ఫిబ్రవరిలో నిక్సన్ చైనా పర్యటన తర్వాత అమెరికాలో సూదుల మోజు ఊపందుకుంది.

రెస్టన్ మాత్రం తన అనుభవానికి మించి ఏమీ చెప్పలేదు. సూదులు గుచ్చారు, ఉబ్బరం తగ్గింది. ఈ రెండింటికీ సంబంధం ఉందా? పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు పేగులు మళ్లీ కదలడం, గ్యాస్ బయటికి పోవడం మామూలుగా జరిగేది రెండు మూడు రోజుల్లోనే. సూదులు గుచ్చకపోయినా ఆ రాత్రే తగ్గేదేమో. కాకతాళీయమో, వైద్యమో ఒక్క రోగి కథతో తేలదు. ఆ తర్వాతి 50 ఏళ్లలో వేలమంది రోగులతో జరిగిన పరీక్షలు ఆ చిక్కు విప్పడానికే.

చైనాలో సూదుల రాజకీయం

ఆక్యుపంక్చర్ వేల ఏళ్లుగా చైనాలో రాజమర్యాదలు అందుకుంటూ వచ్చిందన్న మాట ఎక్కడైనా వినిపిస్తుంది. చరిత్ర అంత తిన్నగా లేదు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థ నుంచి ఆక్యుపంక్చర్‌ను బహిష్కరించాడు. 1929లో జాతీయవాద ప్రభుత్వం పాత వైద్యాన్ని మొత్తంగా రద్దు చేయబోయి, వైద్యులు రోడ్డెక్కడంతో వెనక్కి తగ్గింది. దాన్ని తిరిగి పీటెక్కించింది మావో ప్రభుత్వం. కోట్లమంది పల్లె జనం, చేతికందే డాక్టర్లు కొద్దిమంది. ఉన్న నాటువైద్యుల్ని వాడుకోక తప్పని పరిస్థితి. దానికి జాతీయ గౌరవం తోడైంది. మావో మాత్రం తనకు ఆ వైద్యం మీద నమ్మకం లేదని, తాను వాడనని చెప్పేవాడని ఆయన సొంత డాక్టర్ లీ జిసుయ్ 1994లో వెలువరించిన జ్ఞాపకాల్లో రాశాడు.

సూదులతోనే మత్తిచ్చి ఆపరేషన్ చేయడం 1958లో షాంఘైలో మొదలై సాంస్కృతిక విప్లవ కాలంలో ప్రచారాస్త్రంగా మారింది. విదేశీ ప్రతినిధులు ఆపరేషన్ థియేటర్ అద్దం వెనక నిలబడి చూసేవారు. లోపల రోగి మెలకువగా ఉండి చిరునవ్వు నవ్వేవాడు. ఆ రోగుల్ని ఏరి ఎంపిక చేసేవారనీ, వాళ్లకు మందులు కూడా ఇచ్చేవారనీ తర్వాత బయటపడింది. 2006లో బీబీసీ చైనాలోని ఒక గుండె ఆపరేషన్‌ను టీవీలో చూపించినప్పుడూ ఇదే తంతు. ఛాతీ తెరిచి ఉన్న యువతి, ఒంటి మీద సూదులు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. ఆమెకు మిడజోలం, డ్రోపెరిడాల్, ఫెంటనిల్ ఇచ్చారు, ఛాతీకి లోకల్ అనస్థీషియా కూడా చేశారు. వాటిలో ఫెంటనిల్ మార్ఫిన్ కన్నా ఎన్నో రెట్లు బలమైన నొప్పి మందు. ఇంత మందు పడ్డాక సూదుల వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

ఈ కథలో భారతీయుడొకడు ఉన్నాడు. జపాన్ దాడిలో గాయపడ్డ చైనా సైనికులకు వైద్యం చేయడానికి 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. వాళ్లలో ద్వారకానాథ్ కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. 1942లో అక్కడే చనిపోయాడు. ఆ బృందంలోనే ఉన్న బెంగాలీ డాక్టర్ బి.కె. బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. అమెరికా రెస్టన్ కథనం చదవడానికి పన్నెండేళ్ల ముందే మన దేశంలో సూదులు గుచ్చే డాక్టరున్నాడన్నమాట. ఈ వైద్యానికి పశ్చిమ బెంగాల్ 1996లో ప్రత్యేకంగా చట్టం కూడా చేసింది.

ఎక్స్‌రేకి దొరకని నొప్పి

విరిగిన ఎముక అతుక్కుందో లేదో ఎక్స్‌రే చెబుతుంది. రాయలసీమలోని పుత్తూరు కట్టు గొప్పదా, ఆర్థోపెడిక్ సర్జన్ వేసిన ప్లేటు గొప్పదా అని ఎవరైనా వాదించుకుంటే ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చూసుకోవచ్చు. నొప్పికి అలాంటి ఫిల్మ్ లేదు. నడుంనొప్పి ఎంతుందో పడేవాడే చెప్పాలి. అందుకే పరిశోధకులు సున్నా నుంచి 100 దాకా ఒక గీత ఇచ్చి, మీ నొప్పి ఎక్కడుందో గుర్తు పెట్టమంటారు. ఒకటే నొప్పికి ఒకరు 40 దగ్గర, మరొకరు 70 దగ్గర గీటు పెడతారు. ఆప్యాయంగా పలకరించిన డాక్టరు ముందు అదే మనిషి ఇంకో పది తగ్గించి పెట్టినా పెట్టొచ్చు.

ఇంకో తిరకాసుంది. దీర్ఘకాలపు నొప్పులు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. మనిషి వైద్యుడి దగ్గరికి పరుగెత్తేది నొప్పి శిఖరాన ఉన్నప్పుడు. శిఖరం తర్వాత దిగుడే. ఆ దిగుడులో ఎవరు చెయ్యి వేస్తే వాళ్లకే పేరు. జలుబు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు.

మాత్రతో అయితే దీనికి విరుగుడు తేలిక. సగం మందికి మందు బిళ్ల, సగం మందికి అదే రంగు, అదే సైజు పిండి బిళ్ల ఇస్తారు. ఎవరికేది దక్కిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. సూదికి ఉత్తుత్తి సూది ఎలా? గుచ్చితే తెలుస్తుంది, గుచ్చకపోయినా తెలుస్తుంది.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కోన్రాడ్ స్ట్రైట్‌బర్గర్ 1998లో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. పౌరాణిక నాటకంలో పొడిస్తే పిడిలోకి దూరిపోయే కత్తి లాంటిదే ఆయన సూది. మొన మొద్దుగా ఉంటుంది. చర్మం మీద ఒక చిన్న ప్లాస్టిక్ వలయం పెట్టి, పైన ప్లాస్టర్ అతికించి, దాంట్లోంచి సూదిని నొక్కుతారు. చర్మానికి తగలగానే చురుక్కుమంటుంది. ఇంకా నొక్కితే సూది ఒంట్లోకి పోకుండా తన పిడిలోకే జారుకుంటుంది. చూస్తే పొడవు తగ్గుతూ లోపలికి దిగుతున్నట్టే కనబడుతుంది. ప్లాస్టర్ పట్టు వల్ల అలాగే నిలబడి కూడా ఉంటుంది. రోగిని ఏమార్చగలిగారు గానీ గుచ్చే వైద్యుణ్ణి ఏమార్చడం కుదరలేదు. తన చేతిలో ఉన్నది ఏ సూదో అతనికి తెలుసు. అది అతని ముఖంలో, మాటలో బయటపడే అవకాశం ఉంది. ఈ లోపం చాలా పరీక్షల్లో నేటికీ ఉంది.

కొందరు మరో దారి పట్టారు. నిజం సూదినే వాడి, శాస్త్రం చెప్పిన బిందువుల్లో కాకుండా పక్కన ఎక్కడో, పైపైన గుచ్చారు. చైనా సంప్రదాయం ప్రకారం ఒంట్లో ‘ఛీ’ అనే ప్రాణశక్తి నాళాల గుండా ప్రవహిస్తుంది. ఆ నాళాల మీద 361 బిందువులున్నాయి. ఏ జబ్బుకు ఏ బిందువో లెక్క ఉంది. ఆ లెక్క నిజమైతే తప్పు చోట గుచ్చినప్పుడు ఫలితం పడిపోవాలి.

జర్మనీ తేల్చబోయి తేల్చలేకపోయింది

ఈ వాదంలో అందరూ ఉదహరించే పరీక్షలు జర్మనీలో జరిగాయి. అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు ఆక్యుపంక్చర్‌కు డబ్బు కట్టాలా వద్దా అన్నది సమస్య. ముందు పరీక్షలు చేయండి, ఆ తర్వాత చూద్దామని ప్రభుత్వ కమిటీ చెప్పింది. బీమా డబ్బుతోనే భారీ పరీక్షలు నడిచాయి.

నడుంనొప్పి పరీక్షలో 1,162 మంది చేరారు. సగటున ఎనిమిదేళ్లుగా బాధపడుతున్నవాళ్లు. వాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు సంప్రదాయం ప్రకారం సూదులు, రెండో గుంపుకు బిందువులు కాని చోట్ల పైపైన సూదులు, మూడో గుంపుకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత లెక్క చూస్తే మొదటి గుంపులో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. రెండో గుంపులో 44.2 శాతానికి. మూడో గుంపులో 27.4 శాతానికే.

మోకాళ్ల నొప్పుల పరీక్షలోనూ అదే వరస. 1,007 మంది రోగుల్లో నిజం సూదులకు 53.1 శాతం, ఉత్తుత్తి సూదులకు 51 శాతం, మామూలు వైద్యానికి 29.1 శాతం.

ఈ అంకెలు బయటికి రాగానే ఇరుపక్షాలూ గెలిచామన్నాయి. మా సూదులు డాక్టర్ల వైద్యం కన్నా దాదాపు రెట్టింపు పనిచేశాయని ఆక్యుపంక్చర్ వైద్యులు సంబరపడ్డారు. ఎక్కడ గుచ్చినా ఒకటేనని తేలింది కదా, ఇక మీ నాళాలూ బిందువులూ ఏమైనట్టని విమర్శకులు నిలదీశారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నలే వేరు. ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాడికి ఊరట దొరుకుతుందా అంటే దొరుకుతోంది. ఆ ఊరటకు కారణం ఆక్యుపంక్చర్ చెప్పే కారణమేనా అంటే, అలా అనిపించడం లేదు. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటిగా కలిపేయడం వల్లే ఈ వాదం ఏళ్ల తరబడి అక్కడక్కడే తిరుగుతోంది.

మూడో గుంపు సంగతి కూడా జాగ్రత్తగా చూడాలి. వాళ్లు ఎనిమిదేళ్లుగా మందులు, వ్యాయామాలు చూసి విసిగినవాళ్లు. కొత్తగా సూదుల వైద్యం దొరుకుతుందన్న ఆశతో పరీక్షలో చేరితే చీటీలో మళ్లీ పాత వైద్యమే వచ్చింది. ఆ నిరాశ కూడా వాళ్లు పెట్టిన గీటులో కలిసే ఉంటుంది.

2006లో కమిటీ తీర్పు చెప్పింది. నడుంనొప్పికి, మోకాళ్ల నొప్పులకు బీమా కట్టాలి. మైగ్రేన్‌కు అక్కర్లేదు. మైగ్రేన్ పరీక్షలో సూదులు మందులతో సమానంగా నిలిచాయే తప్ప వాటిని మించలేదన్నది ఆ తేడాకు మూలం. ఉత్తుత్తి సూదిని గెలవకపోయినా, ఉన్న వైద్యం కన్నా రోగికి మేలు జరిగితే చాలన్నది అక్కడ నెగ్గిన వాదన.

అమెరికాలోని సియాటిల్‌లో 2009లో వెలువడిన పరీక్ష ఇంకో అడుగు ముందుకేసింది. నడుంనొప్పి ఉన్న 638 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు సూదుల బదులు పళ్లు కుట్టుకునే పుల్లలు వాడారు. రోగి బోర్లా పడుకుని ఉంటాడు, వీపు మీద జరిగేది కనబడదు. సన్నని గొట్టంలో పుల్ల పెట్టి బిందువు మీద ఆనించి తట్టేవారు, కాస్త తిప్పేవారు, తీసేటప్పుడు మళ్లీ ఒకసారి పొడిచినట్టు చేసేవారు. చర్మం తెగింది లేదు. సూదులు పడ్డ గుంపుల్లో సుమారు 60 శాతం మందికి నడుం మెరుగైంది. పుల్లల గుంపులోనూ దాదాపు అంతే. మామూలు వైద్యం అందినవాళ్లలో 39 శాతానికి.

ఐదు పాయింట్ల తగువు

ఇంతకీ నిజం సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా బొత్తిగా లేదా? ఆండ్రూ వికర్స్ అనే గణాంక శాస్త్రవేత్త బృందం పరీక్షల సారాంశాలతో సరిపెట్టుకోకుండా ఒక్కొక్క రోగి వివరాలూ తెప్పించుకుని 2012లో లెక్క కట్టింది. 29 పరీక్షలు, 17,922 మంది రోగులు. తేడా ఉందనే తేలింది, కానీ చిన్నది. వాళ్లు ఇచ్చిన ఉదాహరణ ప్రకారం, నొప్పి 60 దగ్గర మొదలైందనుకుంటే సూదుల జోలికి పోనివాళ్లకు 43కు దిగుతుంది. ఉత్తుత్తి సూదులు పడ్డవాళ్లకు 35కు, నిజం సూదులు పడ్డవాళ్లకు 30కి.

అంటే మొదటి 17 పాయింట్లు కాలం, మామూలు వైద్యం తగ్గించినవి. తర్వాతి 8 సూదుల తతంగానివి. చివరి 5 మాత్రమే నిజం సూది ఖాతాలో పడేవి. ఆ ఐదు పాయింట్ల దగ్గరే అసలు తగువు. గుచ్చే వైద్యుడికి నిజం తెలుసు కాబట్టి ఆ మాత్రం పక్షపాతం దొర్లి ఉండొచ్చని విమర్శకులంటారు. డెన్మార్క్ పరిశోధకులు 2009లో 13 పరీక్షలు కలిపి చూసినప్పుడు తేడా నాలుగు పాయింట్లే వచ్చింది. అంత చిన్న తేడా రోగికి ఒంటికి తెలియదని వాళ్ల అభిప్రాయం. వికర్స్ పక్షం వాదన ఇంకో రకం. రోగి క్లినిక్‌లో అడుగుపెట్టి ఎంచుకునేది నిజం సూదికీ ఉత్తుత్తి సూదికీ మధ్య కాదు, సూదులకూ ఏమీ చేయించుకోకపోవడానికీ మధ్య. అప్పుడు తేడా 13 పాయింట్లు.

ఇదే వికర్స్ 1998లో చేసిన మరో పని ఆక్యుపంక్చర్ వాళ్లకు అంతగా నచ్చలేదు. ఏ దేశంలో జరిగిన పరీక్షలు ఏం చెబుతున్నాయో వరసగా పేర్చి చూస్తే చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌లలో జరిగినవన్నీ సూదులకే జై కొట్టాయి. ఒక్కటంటే ఒక్కటీ ఓడలేదు. ఓడిన పరీక్షలు అచ్చుకు నోచుకోలేదనుకోక తప్పదు.

ఒంట్లో ఏం జరుగుతోంది?

ప్లాసిబో, అంటే ఉత్తుత్తి వైద్యం, అనగానే అంతా భ్రమ అని కొట్టిపారేయడం మామూలైపోయింది. రోగి అబద్ధం చెప్పడం లేదు. నొప్పి నిజంగానే తగ్గుతుంది.

1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ మెదడు తనంతట తాను నల్లమందు లాంటి పదార్థాల్ని తయారు చేసుకుంటుందని కనిపెట్టారు. రెండేళ్లకే మరో వార్త వచ్చింది. నల్లమందు ప్రభావాన్ని అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే సూదుల వల్ల కలిగిన ఊరట మాయమవుతోందని ఒక బృందం ప్రకటించింది. దాంతో ఆక్యుపంక్చర్‌కు శాస్త్రీయ ఆధారం దొరికిందని పత్రికలు రాశాయి. ఎండార్ఫిన్లనే ఈ పదార్థాల పేరు చెప్పని ఆక్యుపంక్చర్ కరపత్రం అప్పటి నుంచీ దొరకడం కష్టం.

1978లో జాన్ లెవిన్, న్యూటన్ గార్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ చేసిన పరీక్షను ఆ కరపత్రాలు ప్రస్తావించవు. దంతాలు తీయించుకున్నవాళ్లకు ప్లాసిబో ఇచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. నలాక్సోన్ ఇవ్వగానే ఆ ఊరటా పోయింది. ఉత్తుత్తి మందుకు కూడా మెదడు సొంత నల్లమందును విడుదల చేస్తోందన్నమాట. కాబట్టి ఎండార్ఫిన్లు కనబడ్డంత మాత్రాన సూదిలో మహిమ ఉందని రుజువైనట్టు కాదు. ఊరట నిజమని మాత్రం రుజువైనట్టే.

ఆ ఊరట ఎక్కడి నుంచి వస్తుందో హార్వర్డ్‌లో టెడ్ కాప్‌చుక్ విడదీసి చూశాడు. ఆయన తొలి జీవితంలో చైనా వైద్యం చేసినవాడే. పేగుల బాధతో వచ్చిన 262 మందిని మూడు గుంపులు చేసి, 2008లో ఫలితాలు ప్రకటించాడు. వేచి ఉండమన్న గుంపులో 28 శాతం మందికి తగినంత ఊరట కలిగింది. మాటామంతీ లేకుండా ఉత్తుత్తి సూదులు పెట్టిన గుంపులో 44 శాతానికి. అవే సూదులు పెడుతూ, ఎదురుగా కూర్చుని, బాధంతా విని, నయమవుతుందని ధైర్యం చెప్పిన గుంపులో 62 శాతానికి. మూడో గుంపుకు అదనంగా అందింది డాక్టరు తీరిక మాత్రమే. టోకెన్ నంబరు పిలిచిన రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపే ఓపీ గదులకు అలవాటుపడ్డవాళ్లకు ఆ తీరిక ఎంత అరుదో తెలుసు.

ఊరటకు హద్దు కూడా ఉంది. 2011లో ఉబ్బసం రోగులతో జరిగిన పరీక్షలో ఒకే మనిషికి వేర్వేరు రోజుల్లో నిజమైన ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఇన్‌హేలర్, ఉత్తుత్తి సూదులు ఇచ్చారు. కొన్ని రోజులు ఏమీ ఇవ్వలేదు. ఎలా ఉందని అడిగితే మొదటి మూడింటికీ దాదాపు ఒకటే జవాబు. నిజమైన ఇన్‌హేలర్‌తో 50 శాతం మెరుగు, ఉత్తుత్తివాటితో 45, 46 శాతం. ఊపిరితిత్తుల్లోంచి గాలి ఎంత వేగంగా వస్తోందో యంత్రం పెట్టి కొలిస్తే లెక్క తారుమారైంది. నిజమైన మందుతో 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితోనూ 7 శాతం చొప్పునే. మనిషికి హాయిగా ఉంది, గొట్టాలు మాత్రం మూసుకునే ఉన్నాయి. ఉబ్బసంలో ఈ తేడా ప్రాణం తీయగలదు.

ఆధునిక వైద్యం ఇంట్లో

ఆక్యుపంక్చర్‌కు పెట్టిన పరీక్షే మిగతా వైద్యానికీ పెడితే? 2002లో హ్యూస్టన్ సర్జన్ బ్రూస్ మోస్లీ బృందం అదే చేసింది. మోకాలి కీలు అరిగిన 180 మందిలో కొందరికి ఆర్థ్రోస్కోపీ ఆపరేషన్ చేశారు. మిగతావాళ్లకు మత్తిచ్చి, చర్మం మీద గాట్లు పెట్టి, కీలు ముట్టుకోకుండా కుట్లేశారు. రెండేళ్లు గమనించినా ఏ దశలోనూ అసలు ఆపరేషన్ ఉత్తుత్తి ఆపరేషన్ కన్నా మెరుగని తేలలేదు. అప్పటికి అమెరికాలో ఏటా లక్షల మోకాళ్లకు ఆ ఆపరేషన్ జరుగుతోంది.

2014లో ఆస్ట్రేలియాలో 1,652 మంది మీద నడుంనొప్పికి పారాసెటమాల్‌ను పరీక్షించారు. వేళకు వేసుకున్నవాళ్లు కోలుకోవడానికి పట్టింది 17 రోజులు. నొప్పి వచ్చినప్పుడే వేసుకున్నవాళ్లకు 17. పిండి బిళ్ల వేసుకున్నవాళ్లకు 16. ఇంకా బలమైన నల్లమందు జాతి బిళ్లలు అమెరికాలో ఎన్ని కుటుంబాల్ని వ్యసనంలోకి, చావులోకి నెట్టాయో తెలిసిందే. అక్కడి వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2020 జనవరిలో దీర్ఘకాలపు నడుంనొప్పికి ఆక్యుపంక్చర్‌ను కలపడం ఆ భయం నీడలోనే జరిగింది. 90 రోజుల్లో 12 సార్లు, గుణం కనిపిస్తే ఇంకో 8 సార్లు.

బ్రిటన్ ఊగిసలాట ఇంకా విచిత్రం. అక్కడి వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2009లో నడుంనొప్పికి సూదులు చేయించవచ్చంది. 2016లో వద్దంది. ఉత్తుత్తి సూదిని నిజం సూది గెలవలేదన్నది కారణం. 2021లో కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పులకు మళ్లీ పరిశీలించవచ్చంది. ఆ నొప్పులకు కొత్తగా పారాసెటమాల్, నల్లమందు జాతి మందులు మొదలుపెట్టొద్దని అదే పత్రంలో చెప్పింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. గుర్తింపు దొరికినంత మాత్రాన గల్లీలో బోర్డు పెట్టినవాళ్లందరూ ఒకే చదువు చదివారని కాదు.

తెలిసి గుచ్చవచ్చా?

లండన్ ఫార్మకాలజిస్టు డేవిడ్ కొల్కూన్, అమెరికా నరాల డాక్టరు స్టీవెన్ నోవెల్లా 2013లో రాసిన వ్యాసంలో ఆక్యుపంక్చర్‌ను రంగస్థల ప్లాసిబో అన్నారు. నాటకం బాగుందని టికెట్ డబ్బు ప్రజల ఖజానా నుంచి కట్టొద్దన్నది వాళ్ల పట్టు. ఛీ శక్తి పేరు చెప్పి గుచ్చడం రోగిని మోసం చేయడమేనని, ఒక్క అబద్ధాన్ని ఆసుపత్రిలోకి రానిస్తే వెనకే పది వస్తాయని వాళ్ల భయం. నడుంనొప్పితో మొదలైన క్లినిక్ బోర్డు మీద మధుమేహం, పక్షవాతం, సంతానలేమి చేరడం చూసినవాళ్లు ఆ భయాన్ని తీసిపారేయలేరు. నొప్పి పరీక్షల్లో వచ్చిన కొద్దిపాటి ఫలితం ఆ జబ్బులకు సాక్ష్యం కాదు.

రెండో పక్షం అడిగేది వేరు. మాత్రలతో కడుపులో పుండ్లు పడ్డ 70 ఏళ్ల మనిషికి, కిడ్నీలు దెబ్బతిని నొప్పి బిళ్లలు మానేయాల్సి వచ్చినవాళ్లకు ఏం చూపిస్తారు? అమెరికాలో 65 దాటిన 800 మంది నడుంనొప్పి రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. మామూలు వైద్యానికి సూదులు తోడైనవాళ్లు ఏడాది తర్వాత కూడా కాస్త మెరుగ్గా నడవగలిగారు, వంగగలిగారు. ఆ పరీక్షలో ఉత్తుత్తి సూది గుంపు లేదు. విమర్శకులు వెంటనే పట్టుకున్న లోపం అదే. మాకు కావలసింది ఈ వయసువాళ్లకు పనికొస్తుందా లేదా అన్నదే కాబట్టి ఆ గుంపు అక్కర్లేదన్నది నిర్వాహకుల జవాబు.

సూదులు పూర్తిగా నిరపాయం కూడా కావు. జర్మనీలో 2,29,230 మందిని గమనిస్తే 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఎక్కువగా కాస్త రక్తం, కమిలిన మచ్చ, నొప్పి. ఇద్దరికి ఊపిరితిత్తుల పొరకు చిల్లుపడింది. అంత మందిలో ఇద్దరంటే అరుదే. అది శిక్షణ పొందిన డాక్టర్లు, ఒకసారి వాడి పారేసే సూదులతో చేసినప్పటి లెక్క. సూదుల్ని సరిగ్గా శుద్ధి చేయకుండా ఒకరివి ఒకరికి వాడిన చోట్ల హెపటైటిస్ బి పాకిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

కాబట్టి వెళ్లదలచుకున్నవాళ్లు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సూదుల ప్యాకెట్ కళ్లముందు విప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. బీపీ, షుగరు మాత్రలు మానేయమంటే లేచి వచ్చేయాలి. ఐదారు సార్లు చేయించుకున్నా గుణం లేకపోతే ప్యాకేజీ డబ్బు కట్టేశామని కొనసాగించడంలో అర్థం లేదు. నడుంనొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్లు మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం వంటివి కనిపిస్తే సూదుల గదికి వెళ్లే ముందు ఆసుపత్రికి పోయి స్కానింగ్ చేయించుకోవాలి. వెన్నులో గడ్డో, చీమో, నలిగిన నరమో ఉంటే సూది తెచ్చే హాయి దాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది. ఆ కొన్నాళ్లలోనే కాలు చచ్చుబడొచ్చు.